ఐదు లెక్కపెట్టేదాంక

పొద్దుగాల ఆరున్నరకే మా ఇంట్ల బడి మొదలైతది.
పిల్లగాడు ఒక్కడే. పంతుళ్లం ముగ్గురం:
నేను, అత్తమ్మ,
సాయంత్రం గంటసేపు ఎదురింటి ఇంటర్ పిల్ల స్రవంతి.

ఓంకారం అని పేరు పెట్టినం
మాట రానోనికి.
పెట్టిననాడు ఎవలకెరుక.

హన్మకొండ మేడం రాసిచ్చిన కాయితం
గడియారం కింద అంటించిన. తొమ్మిది పనులు.
బట్టల క్లిప్పులు తీగెకు పెట్టుడు, పది.
జొన్నల బకీటుల దాచిన గోలీలు ఏరుడు.
గోడ పట్టి నిలబడుడు రెండు నిమిషాలు.
పండ్ల బొమ్మల్ల అరటిపండు చూపెట్టుడు.
చూపెట్టడు. బొమ్మను నాకుతడు.

ఉయ్యాల కొనాలంటే నాలుగు వేలన్నరు.
మా ఆయన చెడిపోయిన జంపఖానా ఒకటి
నాలుగు మూలలు కుట్టి దూలానికి కట్టిండు.
బరువు దుప్పటి కప్పాలె, నిమ్మళమైతడన్నరు.
కొత్తవాడల పుట్టినోనికి
బరువు దుప్పట్లకు కరువా!
కొత్త నూలు వాసనల సుట్టగ సుట్టి దొర్లిస్తే
కిలకిల నవ్వుతడు.
ఆ నవ్వుకు నోటుబుక్కుల గడి లేదు.

సొంతంగ చేస్తే కూడిక గుర్తు,
చెయ్యి పట్టి చేయిస్తే సున్న.
ఇది మూడో నోటుబుక్కు.
సున్నలు ఎంత గుండ్రంగ రాస్తనో ఇప్పుడు!

కాయితం అడుగున ఎర్ర పెన్నుతోని ఒక మాట:
అడగకముందే ఇయ్యకండి.
మనసుల ఐదు లెక్కపెట్టండి.

అత్తమ్మ ఐదు దాంక పోదు.
ఒకటి, రెండు, ఇగో తీస్కో కొడుకా.
నీళ్ల గిలాస వాని మూతికి ఆనిస్తది.
నేను మొత్తుకుంటె
"నలుగుర్ని కన్న, ఎవ్వనికీ
లెక్కపెట్టి పాలియ్యలే" అంటది.

ఇంకో ముచ్చట, నోటుబుక్కుల రాయనిది.
ఒక్కోదినం నేను ఐదుకు ఆగను.
యాభై దాంక పోత.
అది వాని కోసం కాదు.

ఆయనకు కాయితంల పని లేదు.
గుంటల కాళ్లు, మగ్గం మీద చేతులు,
గజానికింతని మజూరి.
నాడె ఇటు, నాడె అటు, పలక దెబ్బ.
వంట యాళకు పిలగాన్ని ఆ గుంట ఒడ్డున కూసోవెడుత.
ఆ చప్పుడుకు ఊగుకుంట ఉంటడు.
దాన్ని మేమెవ్వలం పని అనుకోలే.

మొన్న శనివారం పడుగు పోగు తెగింది.
ఆయన ఆపి ముడి ఏస్తుండు.
ఇల్లంత ఒక్కసారి ఖాళీ అయినట్టయింది.
ఓంకారం ఊగుడు ఆపిండు.

వంటింట్ల నుంచి చూస్తున్న, చేతుల పప్పుగంటె.
అలవాటుగ ఒకటి అనుకున్న.
పిర్రల మీద జరిగిండు. రెండు.
ఆయన ముడి చూసుకుంటుండు,
ఈ లెక్క ఆయనకు తెల్వది. మూడు.
ఇంకింత జరిగిండు.
నాలుగు.
క్లిప్పు ఒత్తలేని ఆ ఏళ్లు
తండ్రి మణికట్టు పట్టి
తెచ్చి నాడె మీద పెట్టినయి.

ఐదు నేను అననేలేదు.

"ఏందిరా, నేస్తవా?" అన్నడు ఆయన,
నవ్వి నాడె విసిరిండు.
ఏం జరిగిందో ఆయనకు
నేను ఏడ్చినంక తెలిసింది.
పప్పు మాడింది. మాడనీ.

ఆ రాత్రి స్కేలు దొరకలే.
విరిగిన అచ్చుపుల్ల ఒకటి పెట్టి
కాయితం మీద పదో గీత గీసిన.
మగ్గం ఆపుడు. నాయిన.
అక్షరాలు వంకర పోయినయి.

అప్పటి సంది దినానికి నాలుగుసార్లు
తెగని పోగుకు ముడి ఏస్తుండు ఆయన.
ఆగినప్పుడల్ల మజూరి ఆగుతది.
సేటు బాకీ నాకు యాదికొస్తది,
నోరు మెదపను.

వారమైంది.
ఓంకారం మళ్ల ఆ చెయ్యి పట్టలే.
ఒకనాడు నాడెను చూసిండు,
ఒకనాడు బల్లిని చూసిండు.
సున్న కూడ రాయరాదు దానికి,
ఏం రాయాల్నో మేడంను అడగాలె.

ఇయ్యాల మళ్ల ఆపిండు.
ఆయన పెదవులు కదులుతున్నయి,
నాకంటె నిదానంగ లెక్కపెడుతడు మనిషి.
గడప మీద అత్తమ్మ
కొంగు నోట్ల కుక్కుకొని
మూడు దాంక వచ్చింది.